ఫొటోలో కనిపించని అమ్మ

ఆఫ్రికా అనగానే మనలో చాలామందికి ఒక ఫొటో గుర్తుకొస్తుంది. ఎముకలు తేలిన ఒళ్లు, ఉబ్బిన పొట్ట, కళ్ల చుట్టూ ముసిరే ఈగలు. పిల్లలు కంచంలో అన్నం వదిలేస్తే 'అక్కడ తిండి లేక పిల్లలు చచ్చిపోతున్నారు, తెలుసా?' అని ఇళ్లలో గదమాయించేది కూడా ఆ ఫొటోను తలుచుకునే. అందులో నాకెప్పుడూ ఒక వెలితి కనిపిస్తుంది. బిడ్డ ఉంటాడు, అమ్మ ఉండదు. ఉన్నా ఏ మూలో ఆమె చెయ్యి కనిపిస్తుందంతే. చూసినవాళ్లు ఒక నిట్టూర్పు విడిచి, 'ఆ తల్లి ఏం చేస్తోందో!' అనుకుని పేజీ తిప్పేస్తారు.

ఆ తల్లి ఏం చేస్తోందో చెప్పాలనే ఈ వారం ఇది రాస్తున్నాను. ఆఫ్రికాలో పిల్లల పోషణ కోసం దాదాపు తొంభై ఏళ్లుగా జరిగిన ప్రయత్నాలను చదువుతుంటే నాకు ఒక సంగతి పదేపదే ఎదురైంది. తల్లి మాట విన్నచోట, ఆమె చేతికి సాధనం ఇచ్చినచోట పని ముందుకు సాగింది. ఆమె కంచంలో ఏముందో చూడనిచోట అది సగంలోనే ఆగిపోయింది.

మొదట ఒక జబ్బు పేరు సంగతి చెబుతాను. ఇప్పటి ఘానాను అప్పట్లో గోల్డ్ కోస్ట్ అనేవారు, బ్రిటిష్‌వాళ్ల పాలనలో ఉండేది. 1929లో అక్కడికి సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ వెళ్లారు. జమైకాలో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివినావిడ. ఏడాది నుంచి నాలుగేళ్ల వయసున్న పిల్లలు కాళ్లూ చేతులూ వాచిపోయి, చర్మం పొరలుగా ఊడిపోయి, జుట్టు రంగు మారిపోయి ఆవిడ దగ్గరికి వచ్చేవారు. వాళ్లలో చాలామంది బతికేవారు కాదు. ఆవిడ చదువుకున్న పుస్తకాల్లో ఆ జబ్బు లేదు. అప్పుడావిడ చేసిన పని ఏమిటో తెలుసా? అక్కడి ఆడవాళ్లనే అడిగారు. వాళ్ల దగ్గర దానికి పేరుంది. 'గా' భాషలో క్వాషియోర్కర్. అంటే తర్వాతి బిడ్డ పుట్టాక పై బిడ్డకు పట్టుకునే జబ్బు.

ఈ మాట మనకు విడమరచి చెప్పక్కర్లేదు. చంటిబిడ్డకు ముందు పుట్టినదాన్ని మన ఇళ్లలో ఎడపిల్ల అంటారు. అమ్మ ఒడి పోతుంది, పాలు పోతాయి, పక్కన పడుకునే చోటూ పోతుంది. అక్రా ప్రాంతంలో అలా పాలు మాన్పించిన పిల్లకు దొరికేది ఎక్కువగా మొక్కజొన్న జావే. కడుపు నిండుతుంది గానీ ఒంటికి కావలసింది అందదు. సిసిలీ విలియమ్స్ 1933లో ఈ జబ్బు గురించి రాశారు. ఇంగ్లండులో కొందరు పేరున్న డాక్టర్లు ఇదేం కొత్తది కాదు, పెల్లగ్రాయే అని కొట్టిపారేశారు. ఆవిడ వెనక్కి తగ్గలేదు. 1935లో 'లాన్సెట్' పత్రికలో మళ్లీ రాస్తూ, ఆ తల్లులు పెట్టుకున్న పేరునే శీర్షికలో పెట్టారు. ఇప్పటికీ ప్రపంచంలో ఏ వైద్య కళాశాలలోనైనా ఆ జబ్బుకు అదే పేరు. పేరులేని ఆ తల్లులు ఇచ్చిన మాట అది.

ఈ జబ్బుకు మూలం ఒక్క మాంసకృత్తుల లోపమేనని చాలాకాలం నమ్మారు. సంగతి అంత తేలిక కాదని తర్వాత చూపించినవాళ్లలో మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన డాక్టర్ సి. గోపాలన్ ముఖ్యులు.

జబ్బు తెలిసింది, పేరూ దొరికింది. మరి వైద్యం? ఎన్నో ఏళ్లపాటు ఒకటే దారి ఉండేది, ఆస్పత్రిలో చేర్చడం. అక్కడ ప్రత్యేకంగా తయారుచేసిన పాలపొడిని మంచినీళ్లలో కలిపి, గంటల లెక్కన పట్టేవారు. ఇంటికి ఇచ్చి పంపుదామంటే ఇంట్లో శుభ్రమైన నీళ్లుండవు, కలిపిన పాలు నిలవ ఉండవు. అంచేత తల్లి వారాల తరబడి బిడ్డతో ఆస్పత్రిలోనే ఉండిపోవాలి. ఒక్కసారి ఆలోచించండి. ఇంటి దగ్గర ఇంకో ముగ్గురు పిల్లలున్నారు. పొలంలో కలుపు తీసే రోజులు. ఆస్పత్రి నడిచి వెళ్లే దూరంలో లేదు. ఒక బిడ్డను బతికించుకోవడానికి మిగతా పిల్లలను పస్తు పెట్టాలా? చాలామంది తల్లులు రాలేదు. వచ్చినవాళ్లలోనూ మధ్యలో వెళ్లిపోయినవాళ్లున్నారు. 'ఆమెకు తెలియదు, అజ్ఞానం' అనడం బయటివాళ్లకు సులువే. ఆమె లెక్క ఆమెకుంది.

1990ల్లో ఫ్రాన్సుకు చెందిన పిల్లల పోషకాహార నిపుణుడు ఆంద్రే బ్రియాండ్, తయారీదారు మిషెల్ లెస్కాన్‌తో కలిసి ఈ ముడి విప్పారు. వేరుశనగ గుజ్జు, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు, ఖనిజాలు కలిపి ఒక ముద్దలాంటిది చేశారు. పేరు ప్లంపీనట్. నీళ్లు కలపక్కర్లేదు, వండక్కర్లేదు. నీటి తడి లేదు కాబట్టి క్రిములు పెరగవు. చిన్న పొట్లంలో సుమారు 500 కేలరీలు. మూల చింపి బిడ్డ నోట్లో పెడితే చప్పరించేస్తుంది. ఆస్పత్రిలో ఉన్న వైద్యం అమ్మ ఒడిలోకి వచ్చింది.

దీనికి పెద్ద పరీక్ష 2005లో నైజర్‌లో ఎదురైంది. సహారా ఎడారి అంచున ఉన్న పేద దేశమది, సజ్జే వాళ్ల ప్రధాన తిండి. ఆ ఏడాది ఆకలి ముంచుకొచ్చినప్పుడు 'సరిహద్దులు లేని డాక్టర్లు' సంస్థ 60 వేలకు పైగా పిల్లలకు చికిత్స చేసింది. వాళ్లలో ఎక్కువమంది ఇంటి దగ్గరే ఉండి, వారానికోసారి కేంద్రానికి వచ్చి పొట్లాలు తీసుకెళ్లినవాళ్లే. అన్ని మంచాలు ఏ ఆస్పత్రిలో దొరుకుతాయి? 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, ఇతర ఐక్యరాజ్యసమితి సంస్థలు కలిసి ఈ ఇంటివైద్యాన్ని ఆమోదించాయి. తర్వాత ఆ ముద్ద తయారీ నైజర్, ఇథియోపియా వంటి దేశాల్లోనే సాగింది.

ఆ తర్వాతి అడుగు నాకు ఇంకా నచ్చింది. బిడ్డ చిక్కిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక పట్టీ ఉంది. భుజానికీ మోచేతికీ మధ్య చుట్టి చూస్తారు. ఆకుపచ్చ వస్తే బాగున్నట్టు, పసుపైతే జాగ్రత్త, ఎరుపైతే ప్రమాదం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు 11.5 సెంటీమీటర్ల కన్నా తగ్గితే ఎరుపే. దీన్ని ఆరోగ్య కార్యకర్తలే వాడేవారు. నైజర్‌లోని జిందర్ ప్రాంతంలో అలీమా అనే సంస్థ దాన్ని తల్లుల చేతికే ఇచ్చి చూసింది. చదువురాని తల్లులకు కొద్దిపాటి శిక్షణ, ఒక పట్టీ, అంతే! ఫలితం ఏమిటంటే, పిల్లలు మరీ క్షీణించకముందే చికిత్సకు వచ్చారు, ఆస్పత్రిలో చేర్చాల్సిన అవసరం తగ్గింది. కార్యకర్త నెలకోసారి చూస్తుందేమో, అమ్మ రోజూ చూస్తుంది కదా!

జబ్బు చేశాక నయం చేయడం ఒక ఎత్తు, అసలు జబ్బు పడకుండా చూడడం మరో ఎత్తు. దీనికో ఉదాహరణ మన చిలగడదుంప. కొన్నిచోట్ల గెనుసుగడ్డ అంటారు, మొరంగడ్డ అనేవాళ్లూ ఉన్నారు. ఆఫ్రికాలో చాలాచోట్ల ఇది ఆడవాళ్ల పంట. అక్కడ ఎక్కువగా పండేది తెల్లదుంప, అందులో విటమిన్ ఎ దాదాపు ఉండదు. ఆ విటమిన్ తగ్గితే పిల్లలకు చూపు పోతుంది, మామూలు తట్టు, విరేచనాలే ప్రాణం తీస్తాయి. మొజాంబిక్‌లో మరియా ఆండ్రాడె, ఉగాండాలో రాబర్ట్ మ్వాంగా నారింజ రంగు దుంప రకాలను అక్కడి నేలకు, వానలకు తగ్గట్టు తయారుచేశారు. ఆ దుంపను వాడుకలోకి తెచ్చిన జాన్ లో, హోవర్త్ బూయిస్‌లతో కలిపి వాళ్లకు 2016లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ఆ తీగలు ఇచ్చి, సాగు నేర్పిన పల్లెల్లో తల్లీపిల్లల ఒంట్లోకి చేరే విటమిన్ ఎ రెట్టింపైంది. పశ్చిమ కెన్యాలో గర్భిణులు పరీక్షకు వచ్చినప్పుడు మాత్రలతోపాటు తీగల కోసం ఒక చీటీ కూడా ఇచ్చి చూశారు. ఆస్పత్రికీ పెరటికీ మధ్య ఒక దారి వేశారన్నమాట.

ఇంతవరకు బాగానే ఉంది. అయితే నాకొక భయం ఉంది. పట్టీ అమ్మకే, పొట్లం అమ్మకే, పెరడు అమ్మకే. నీళ్లు మోసేదీ ఆమే, గింజలు దంచేదీ ఆమే, పొలంలో వంగేదీ ఆమే. అన్నీ ఆమె నెత్తినే పెట్టి, 'స్త్రీ శక్తి' అని చప్పట్లు కొడితే సరిపోతుందా? చేయగలదు కదా అని చేయించుకుంటూ పోవడం మన ఇళ్లలో మనకు తెలియనిదా?

అంచేత ఆమెకు పని పెంచకుండా ప్రభుత్వం చేయాల్సినవి ఉన్నాయి. దక్షిణాఫ్రికా 2003 అక్టోబరు నుంచి గోధుమపిండిలో, మొక్కజొన్న పిండిలో ఫోలిక్ ఆమ్లం వంటి పోషకాలు తప్పనిసరిగా కలపాలని చట్టం చేసింది. వెన్నెముక సరిగా మూసుకోకుండా పుట్టే పిల్లల సంఖ్య దాదాపు 30 శాతం తగ్గింది. ఏ తల్లీ కొత్తగా ఏమీ నేర్చుకోలేదు, ఎక్కడికీ నడవలేదు. రోజూ కొనే పిండే కొనుక్కుంది.

ఇథియోపియా ఇంకో పని చేసింది. 2003 నుంచి పల్లెకు ఇద్దరు చొప్పున పదో తరగతి చదివిన ఆడపిల్లలకు ఏడాది శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కార్యకర్తలుగా వేసుకుంది. అలా 30 వేలకు పైగా మంది. వాళ్లకు నెల జీతం ఇస్తారు. గౌరవ వేతనమని పేరుపెట్టి చిల్లర చేతిలో పెట్టలేదు. అక్కడ ఐదేళ్లలోపు పిల్లల్లో గిడసబారినవాళ్లు, అంటే వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు, 2000లో 58 శాతం. 2016కు 38 శాతానికి తగ్గారు. ఇదంతా ఆ కార్యకర్తల వల్లేనని చెప్పను. పంటలు పెరిగాయి, మరుగుదొడ్లు వచ్చాయి. కానీ గడప గడపకూ వెళ్లిన ఆ అమ్మాయిల పాత్ర చిన్నది కాదు.

'తిండి సంగతి తర్వాత, ముందు రోడ్లూ ఫ్యాక్టరీలూ రావాలి' అనేవాళ్లున్నారు. వాళ్లకో లెక్క చెబుతాను. కడుపులో పడ్డ రోజు నుంచి రెండో పుట్టినరోజు దాకా సుమారు 1000 రోజులు. మెదడు పెరిగేది ఎక్కువగా అప్పుడే. అప్పుడు పోగొట్టుకున్నది తర్వాత పూర్తిగా తిరిగి రాదు. ఆ పిల్లలు బడిలో వెనకబడతారు, పెద్దయ్యాక తక్కువ సంపాదిస్తారు. ఆఫ్రికన్ యూనియన్, ప్రపంచ ఆహార కార్యక్రమం కలిసి వేసిన లెక్క ప్రకారం 2009లో పిల్లల పోషణలోపం వల్ల ఇథియోపియా పోగొట్టుకున్నది ఆ దేశ ఆదాయంలో 16.5 శాతం. ఎన్ని రోడ్లు వేస్తే అది పూడుతుంది?

ఇప్పుడు ఆఫ్రికా మొత్తం చూస్తే, ఐదేళ్లలోపు పిల్లల్లో గిడసబారినవాళ్లు 2000లో పదిమందికి సుమారు నలుగురు, 2022లో ముగ్గురు. శాతం తగ్గింది, జనాభా పెరగడంతో సంఖ్య మాత్రం తగ్గలేదు. ఇంకా 6 కోట్ల పైమాటే. జాలిపడే ముందు మన లెక్క కూడా చూసుకుందాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో అది 35.5 శాతం. మనం ఎత్తున కూర్చుని కిందికి చూసే పరిస్థితి లేదు.

అసలు చిక్కు ఎక్కడుందో చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లెక్కల ప్రకారం ఆఫ్రికాలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో పదిమందికి నలుగురికి రక్తహీనత. రక్తం లేని తల్లికి బరువు తక్కువ బిడ్డ పుడుతుంది. ఆ బిడ్డ ఆడపిల్లయితే, ఎదిగీ ఎదగకముందే తల్లయితే, కథ మళ్లీ మొదలు. పొట్లం ఆ బిడ్డను బతికిస్తుంది. కానీ ఇంటికెళ్లిన బిడ్డకు పెట్టేది మళ్లీ ఆ కుండలోంచే, పెట్టేది ఆ నీరసించిన చేత్తోనే. పిల్లల పట్టీకి మూడు రంగులున్నాయి. అమ్మ నీరసానికి ఏ రంగూ లేదు.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, చేయిచ్చే చేతులు వెనక్కి పోతున్నాయి. ఆ వేరుశనగ పొట్లాలను పెద్దయెత్తున కొనిపెట్టిన అమెరికా విదేశీ సాయం సంస్థ యూఎస్ఎయిడ్ 2025 జులై 1న మూతపడింది. దానం మీద నిలబడిన వైద్యానికి ఎప్పుడూ ఉండే గండమే ఇది. ఆఫ్రికన్ యూనియన్ 2022ను పోషకాహార సంవత్సరంగా ప్రకటించింది. ఇక ఆ మాటను ఆయా దేశాల బడ్జెట్లలో చూపించాలి. గర్భిణి కంచానికి, బాలింత విశ్రాంతికి, పల్లెలో తిరిగే కార్యకర్త జీతానికి అందులో చోటుండాలి.

మనం ఇక్కడ కూర్చుని ఏం చేయగలం అంటారా? ఆకలిగొన్న బిడ్డ పేరుతో విరాళం అడిగేవాళ్లు ఆఫ్రికా కోసం వచ్చినా, మన పక్క ఊరి కోసం వచ్చినా, ఒక్క ప్రశ్న అడుగుదాం. 'బిడ్డకు పెడతారు సరే, ఆ తల్లికి ఏం పెడతారు?' జవాబు చెప్పగలిగినవాళ్లకు ఇద్దాం. చెప్పలేకపోతే, ఆ ప్రశ్నైనా వాళ్లతో ఇంటికి పంపిద్దాం.