ఇంటిపేరు అడగని దారి

కొన్ని నెలల కిందట మరో విశ్వవిద్యాలయంలో చదివే ఒక పరిశోధక విద్యార్థిని నన్ను కలిసి, నాలుగు మడతలు పెట్టిన కాగితం చేతికిచ్చింది. తనపై జరిగిన కుల అవమానం మీద ఫిర్యాదు అది. మెయిల్ చేస్తే సరిపోయేది కదమ్మా అన్నాను. ‘పోయినసారి మెయిల్లోనే పంపాను సార్. సాయంత్రానికి మా గైడ్ చేతిలో ఉంది’ అన్నది. కమిటీకి వెళ్లిన ఉత్తరాన్ని ఎవరు దాటించారో ఎన్నడూ తేలలేదు. ఆమె సినాప్సిస్ మాత్రం ఆరు నెలలు కదలలేదు.

సంస్థ ఇచ్చిన ఖాతాలోని మెయిల్ సంస్థ చేతిలోనే ఉంటుంది. దాన్ని నిర్వహించే సిబ్బందికి దాని తలుపులు తెరిచే అధికారం ఉంటుంది. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఏ శీర్షికతో రాశారన్నది సర్వర్లలో నమోదవుతూనే ఉంటుంది. హాస్టల్ వైఫై నుంచి పంపితే ఏ లాగిన్ నుంచి వెళ్లిందో కూడా వెతికి పట్టుకోవచ్చు. అగ్రకుల విద్యార్థికి ఇదొక సాంకేతిక వివరం మాత్రమే. దళిత విద్యార్థికి అలా కాదు. కులం పనిచేసేదే ‘నువ్వెవరు’ అనే ప్రశ్న మీద. మన ఊళ్లలో ఆ ప్రశ్న ‘మీ ఇంటిపేరేమిటి?’ అని మర్యాదగా వస్తుంది. చాలామంది మెయిల్ చిరునామాల్లో ఆ జవాబు ముందే రాసి ఉంటుంది. అంబేడ్కర్ పల్లెను ఆదర్శంగా చూడడానికి నిరాకరించిన కారణాల్లో ఇదీ ఒకటని నేను అనుకుంటాను: అక్కడ ఎవరికీ తెలియకుండా బతికే వీలు లేదు.

ఇక్కడ రెండు వేర్వేరు రక్షణలున్నాయి. విద్యార్థులు వాటిని తరచూ ఒకటిగా పొరబడతారు. ఎన్‌క్రిప్షన్ ఉత్తరంలోని మాటను దాస్తుంది. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ రూపొందించిన పీజీపీతో రాస్తే, అందుకునేవారి దగ్గరున్న రహస్య తాళంచెవి తప్ప మరొకటి దాన్ని తెరవలేదు. కానీ పంపినవారి చిరునామా, చేరవలసిన చిరునామా, సాధారణంగా శీర్షిక కూడా బయటే ఉంటాయి. 2021లో స్విట్జర్లాండ్‌కు చెందిన ప్రోటాన్‌మెయిల్, అక్కడి అధికారుల ఆదేశం మేరకు ఒక ఫ్రెంచ్ పర్యావరణ ఉద్యమకారుల ఖాతాకు సంబంధించిన ఐపీ చిరునామాను ఇవ్వవలసి వచ్చింది. ఉత్తరాల్లోని మాటలు భద్రంగానే ఉన్నాయి, మనిషి దొరికాడు.

మనిషిని దాచేది టార్ వంటి అజ్ఞాత నెట్‌వర్క్. అందులో మన సందేశం సాధారణంగా మూడు కంప్యూటర్ల మీదుగా పోతుంది. మొదటిదానికి మనం తెలుసు, గమ్యం తెలియదు. చివరిదానికి గమ్యం తెలుసు, మనం తెలియం. మన దేశంలో దాన్ని వాడడం నేరం కాదు. అయితే టార్‌లోకి వెళ్లి విశ్వవిద్యాలయ ఖాతాలోనే లాగిన్ అయితే చేసిందంతా వృథా. జతచేసిన వర్డ్ ఫైలు లక్షణాల్లో మన పేరు మిగిలిపోయినా అంతే.

2013 డిసెంబరులో హార్వర్డ్‌లో ఒక విద్యార్థి పరీక్ష తప్పించుకోవడానికి టార్ ద్వారా బాంబు బెదిరింపు మెయిళ్లు పంపాడు. ఆ పనిని ఎవరూ సమర్థించరు. అతను దొరికిన తీరు మాత్రం గమనించదగ్గది. దర్యాప్తు అధికారులకు టార్‌ను ఛేదించవలసిన అవసరం రాలేదు. మెయిళ్లు వెళ్లడానికి ముందు గంటల్లో అతను క్యాంపస్ వైఫై నుంచి టార్ వాడినట్టు విశ్వవిద్యాలయ రికార్డుల్లో కనిపించింది. వెళ్లి అడిగితే ఒప్పుకున్నాడు. గుంపు లేనిచోట అజ్ఞాతం లేదు. మన విభాగాల్లో సంగతి ఇంకా కఠినం. ఒక గైడ్ కింద ఉన్నది ఒకే ఒక్క దళిత విద్యార్థిని అయినప్పుడు, ఏ నెట్‌వర్క్ మీదుగా రాసినా ఫిర్యాదులోని మొదటి వాక్యమే ఆమెను పట్టిస్తుంది.

అలాగని ఈ పరికరాలు సర్వరోగ నివారిణులు కావు. 1818 నాటి మహర్ సైనికుల స్మృతితో ముడిపడిన భీమా కోరేగావ్ కేసు ఆ హద్దునూ చూపింది. నిందితుడు రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌ను పరిశీలించిన ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021లో నివేదిక ఇచ్చింది. 2016లో వరవరరావు ఖాతా నుంచి ఎవరో పంపిన మెయిల్ ద్వారా నెట్‌వైర్ అనే మాల్వేర్ అందులో చేరిందనీ, తరువాత ఉత్తరాలను అందులో పెట్టారనీ చెప్పింది. దర్యాప్తు సంస్థ దీన్ని అంగీకరించలేదు. 2018లో అరెస్టయిన విల్సన్‌కు బెయిలు వచ్చింది 2025లో. నమ్మకమైన పేరుతో వచ్చిన ఒక మెయిల్‌ను తెరిస్తే, ఆ తరువాత తెర మీద ఉన్నదంతా ఇంకొకరిదే. అక్కడ పీజీపీ గానీ టార్ గానీ ఏమీ చేయలేవు.

ముసుగు వెనుక నుంచి దుర్మార్గులూ రాస్తారన్నది నిజమైన అభ్యంతరం. 2025 ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ప్రోటాన్‌మెయిల్‌ను నిలిపివేయాలని ఆదేశించింది ఒక సంస్థ ఉద్యోగినుల మీద వచ్చిన అశ్లీల మెయిళ్ల కేసులోనే. ఆ స్త్రీల బాధ చిన్నది కాదు. కానీ దారి మూసేస్తే మొదట ఆగిపోయేది ఎవరు? బలవంతుడికి మరో దారి దొరుకుతుంది. కమిటీ ముందు పేరు చెప్పలేని అమ్మాయికి మడతపెట్టిన కాగితమే మిగులుతుంది.

అందుకే నా వంటివారు, అంటే రహస్యంగా రాయవలసిన అవసరం పెద్దగా లేనివారు, వీటిని ముందుగా వాడాలంటాను. సెమినార్ తేదీల గురించీ, పరీక్ష పేపర్ల గురించీ రాసే మామూలు ఉత్తరాలు కూడా ఎన్‌క్రిప్ట్ అయి పోతుంటేనే ఆ అమ్మాయి ఉత్తరం వాటి మధ్య కనబడకుండా పోతుంది. గత జూన్ నుంచి నా మెయిల్ సంతకం కింద నా పబ్లిక్ కీ ఉంచుతున్నాను. సహోద్యోగి ఒకరు వైరస్ ఏమోనని ఫోన్ చేశారు. ఇప్పటికి ఆ తాళం వేసుకుని మూడు ఉత్తరాలు వచ్చాయి. రెండు, పనిచేస్తుందో లేదో చూద్దామని రాసినవి. మూడోదానికి పేరు లేదు.