అప్పగింతయు న్యాయవిచారణయు

లండను హైకోర్టువారు 2025 సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన నిచ్చిన తీర్పు మన దేశాభిమానమునకు కష్టము గలిగించునదియే. పన్నుల యెగవేత మొదలగు నేరములు మోపబడి యింగ్లండునందున్న ఆయుధవ్యాపార మధ్యవర్తి నొకనిని మనకప్పగింపవచ్చునని క్రిందికోర్టు 2022 నవంబరులో తీర్మానింపగా, 2023 జనవరిలో ఆ దేశపు హోంమంత్రి యుత్తరువు చేసెను. హైకోర్టువారు దానిని విమర్శించి త్రోసివేసిరి. తీహారు జైలులో తోడి ఖైదీలచేతగాని యధికారులచేతగాని బెదరింపులకును, ధనాపహరణమునకును, హింసకును నిందితుడు లోనగు ప్రమాదము గలదనుట వారు చూపిన ముఖ్యకారణములలో నొకటి.

మన జైళ్లను విమర్శించుటకు వారెవరని యడుగుట సులభము. కాని మన చరిత్రమునందలి యొక యధ్యాయము నీ సందర్భమున స్మరింపవలసియున్నది.

1910 మార్చి 13వ తేదీన వినాయక దామోదర సావర్కరుగారు లండను విక్టోరియా స్టేషనులో నిర్బంధింపబడిరి. పలాయితులైన ముద్దాయిలను సామ్రాజ్యములోని యొక భాగమునుండి మఱియొక భాగమునకు బంపుటకై 1881లో గావించిన చట్టమును వారిపై బ్రయోగించిరి. వారిని బొంబాయికి బంపవలసినదని మేజస్ట్రీటు ఉత్తరువు చేసెను. పంపుట యన్యాయముగనో పీడాకరముగనో యుండునని తోచినయెడల ముద్దాయిని విడుదల చేయు నధికారము ఆ చట్టము 10వ సెక్షను పైకోర్టుల కిచ్చియుండెను. బొంబాయిలో సావర్కరుగారికై వేచియున్నది జూరీయు అప్పీలును లేని ముగ్గురు జడ్జీల ప్రత్యేక న్యాయస్థానము. అయినను జూన్ 21వ తేదీన అప్పీలుకోర్టువారు వారి ప్రార్థనను నిరాకరించిరి. జూలై 8వ తేదీన మార్సేల్సు రేవులో ఓడనుండి దూకి తీరము జేరిన వారిని ఫ్రెంచి పోలీసులు పట్టి తిరిగి యాంగ్లేయుల కప్పగించిరి. అందు అక్రమము జరిగినను వారిని మరల ఫ్రాన్సున కీయనక్కఱలేదని హేగు మధ్యవర్తి న్యాయస్థానము 1911 ఫిబ్రవరి 24న తీర్పు చెప్పెను. అప్పటికే వారికి రెండు యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్షలు విధింపబడియుండెను.

దేశభక్తునకును పన్ను లెగవేసెనను నిందితునకును పోలిక యేమని పాఠకులు ప్రశ్నింపవచ్చును. మనుష్యులకు పోలిక లేదు. న్యాయస్థానముల యెదుటికి వచ్చిన ప్రశ్నకు గలదు. పంపబడినవానికి గమ్యస్థానమున నేమి సంభవించును? నాడు ఆ ప్రశ్నకు తగిన విలువ నీయలేదని ఆంగ్లేయ న్యాయమూర్తులను నిందించితిమి. నేడు వారా ప్రశ్నను లోతుగా విచారించినందుకు నిందించుట యుక్తముకాదు. మన 1962 నాటి చట్టము 29వ సెక్షను సయితము, అప్పగింత యన్యాయమని తోచినచో నిలుపుదల చేయు నధికారమును కేంద్రప్రభుత్వమున కిచ్చుచున్నది.

ధనికులు జైళ్ల దుస్థితిని సాకుగా జూపి తప్పించుకొందురను వాదమును మేము త్రోసిపుచ్చము. అందులకు మందు మనచేతిలోనే యున్నది. విజయమాల్యాగారి విషయమున ఆర్థరు రోడ్డు జైలులోని 12వ బారకును చిత్రముపట్టించి మన ప్రభుత్వమువారు కోర్టునకు జూపిరి. 2018 డిసెంబరులో తీర్పు మన పక్షమున వచ్చెను. 2020 ఏప్రిలులో హైకోర్టు వారి యప్పీలును కొట్టివేసెను. ఒక్క బారకును బాగుచేసి చూపగలిగినవారము తక్కినవానిని బాగుచేయలేమా?

చిత్రహింసల నిషేధమునకై యేర్పడిన ఐక్యరాజ్యసమితి యొడంబడికపై 1997లో సంతకము చేసితిమి, ఇంకను ధ్రువపఱుపలేదు. దానిని ధ్రువపఱచి చట్టము చేయవలసినదని లా కమిషనువారు 2017లోనే సిఫారసు చేసిరి. ఆ చట్టము నికను జాగుసేయక గావింపవలెను.

2022 లెక్కల ననుసరించి మన జైళ్లలో నూటికి 75గురు విచారణ ముగియని నిందితులే. వారిలో నెక్కువమంది బీదలు. ధనవంతుని కొఱకు లండను హైకోర్టు తీహారు గోడలలోనికి తొంగిచూచినది. ఈ బీదల కొఱకు తొంగిచూడవలసినది మన న్యాయస్థానములును మన శాసనసభలునే.