అరకు పిల్లకు ఆకాశం దూరమా?

శ్రీహరికోట నుంచి రాకెట్టు లేచే రోజున మన ఇళ్లలోనూ టీవీ మోగుతుంది. లెక్క సున్నాకి రాగానే నిప్పులు కక్కుతూ అది పైకి పోతుంది. కంట్రోలు రూములో చప్పట్లు, పట్టుచీరల్లో మహిళా శాస్త్రజ్ఞులు, మర్నాడు పేపర్లో ఫొటో. అంతే! ఆ పైకెళ్లిన ఉపగ్రహం అక్కడ ఏం చేస్తోందని మనలో ఎంతమంది అడిగి ఉంటారు? వాన కబురు చెప్పేదైతే సరే, టీవీ ఛానళ్లు తెచ్చేదైతే సరే. వట్టి ఆకాశాన్ని చూడ్డానికే పంపినదైతే "మనకెందుకులే" అనేస్తాం.

అరకు దగ్గర ఓ బాలికల వసతి పాఠశాలలో కథల గురించి పిల్లలతో మాట్లాడమంటే వెళ్లాను. అంతా అయ్యాక వెనక వరసలోంచి పదో తరగతి పిల్ల ఒకతె లేచి, "మేడమ్, రాకెట్టు పైకెళ్లి ఏటి చూస్తాది? మాకు ఎగరడమే చూపించారు" అంది. మిగతా పిల్లలు కిసుక్కున నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంటర్లో ఏం తీసుకుంటావమ్మా అంటే, "ఎంపీసీ అనుకున్నాను మేడమ్. ఆడపిల్లకి లెక్కలెందుకని ఇంట్లో అంటన్నారు" అంది. ఆ పిల్లకి చెప్పిన జవాబునే కాస్త పెంచి ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ఆ "ఎందుకు" అన్న మాట కొండల్లోనే కాదు, మన ఇళ్లలోనూ వినిపిస్తూనే ఉంటుంది.

ఆకాశంలో ఎక్కడో ఒకచోట, దాదాపు రోజుకోసారి, కంటికి కనపడని మెరుపు ఒకటి మెరుస్తుంది. అవి గామా కిరణాలు. క్యాన్సరు ఆసుపత్రుల్లో "కోబాల్టు పెడుతున్నారు" అంటారే, ఆ యంత్రంలోంచి వచ్చేవీ ఆ జాతి కిరణాలే. ఈ మెరుపు కొన్నిసార్లు సెకనులో సగం కూడా ఉండదు, కొన్నిసార్లు నిమిషాల పాటు సాగుతుంది. ఆ కాసేపట్లో ఆకాశంలోని మిగతా గామా వెలుగునంతటినీ మించిపోతుంది. మన అదృష్టం ఏమిటంటే, భూమి చుట్టూ ఉన్న గాలి ఈ కిరణాల్ని కిందికి రానివ్వదు. అందుకే అర్మకొండ ఎక్కి కూచున్నా ఇవి చిక్కవు. పట్టుకోవాలంటే పరికరాన్ని గాలి దాటించి పైకి పంపాల్సిందే.

వీటిని కనిపెట్టిన తీరు కూడా కథలాగే ఉంటుంది. అణుపరీక్షలు గాలిలో, అంతరిక్షంలో చేయకూడదని 1963లో ఒప్పందం కుదిరింది. రష్యా దాన్ని తప్పుతుందేమోనని కనిపెట్టి ఉండడానికి అమెరికా "వేలా" అనే ఉపగ్రహాల్ని పంపింది. 1967 జులై 2న వాటికి ఓ గామా మెరుపు తగిలింది. చూస్తే అది బాంబు తీరుగా లేదు. అలాంటివి మరికొన్ని దొరికాక, అవి భూమి నుంచీ సూర్యుడి నుంచీ వచ్చినవి కావని తేల్చుకుని 1973లో లోకానికి చెప్పారు. పొరుగింటి మీద నిఘా పెట్టినవాళ్లకి ఆకాశం రహస్యం దొరికిందన్నమాట!

సరే, మెరుపు దొరికింది. ఎక్కడి నుంచి వచ్చింది? అసలు చిక్కంతా అక్కడే. గామా కిరణాల్ని మామూలు అద్దాలతో ఒకచోటికి చేర్చలేం. అవి అద్దంలోంచి దూసుకుపోతాయి. అందుకని రెండు మూడు ఉపాయాలు పన్నారు. మొదటిది మనకి బాగా తెలిసిందే. వంటింటి కిటికీ చువ్వల నీడ గచ్చు మీద పడినప్పుడు, ఆ నీడ ఎటు జరిగిందో చూసి పొద్దు ఎక్కడుందో చెప్పేస్తాం కదా! సరిగ్గా అలాగే, సీసం పలకల్ని ఖాళీలు వదిలి ఓ క్రమంలో పేర్చి, దాని కింద కిరణాల్ని గుర్తుపట్టే పలకలు పెడతారు. కింద పడిన నీడని బట్టి మెరుపు ఏ దిక్కున ఉందో లెక్కగడతారు. 2004లో వెళ్లిన అమెరికా ఉపగ్రహం స్విఫ్ట్‌లో ఇలాంటి జల్లెడే ఉంది.

రెండో ఉపాయం కాలం లెక్క. వెలుగు సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అదే మెరుపు ఒక ఉపగ్రహానికి ముందు, దూరంగా ఉన్న మరోదానికి కాస్త తర్వాత తగులుతుంది. ఆ తేడాని బట్టి అది ఏ వైపు నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఉపగ్రహాలు ఎంత దూరంగా ఉంటే లెక్క అంత నికరంగా ఉంటుంది. ఒక్కటి చాలదు, నలుగురూ కలిసి చెప్పుకుంటేనే సంగతి తేలుతుంది.

ఈ పనిలో తలపండిన ఓ మహిళ గురించి చెప్పాలి. క్రిస్సా కౌవెలియోటౌ. గ్రీసు దేశంలో పుట్టి అమెరికాలో పనిచేసిన శాస్త్రజ్ఞురాలు. 1991లో వెళ్లిన కాంప్టన్ ఉపగ్రహానికి ఎనిమిది మూలలా ఎనిమిది పరికరాలు ఉండేవి. అది తొమ్మిదేళ్లలో 2,700కి పైగా మెరుపుల్ని లెక్కపెట్టింది. ఆ లెక్కల్ని చూసి ఆమె, సహచరులు 1993లో ఓ సంగతి తేల్చారు. ఈ మెరుపులు రెండు రకాలని, రెండు సెకన్లలోపువి ఒక జాతి, అంతకు మించినవి మరో జాతి అని. దీర్ఘమైనవి చాలామటుకు బ్రహ్మాండమైన నక్షత్రాలు తమలోకి తాము కూలిపోయేటప్పుడు పుడతాయని, పొట్టివి ఎక్కువగా రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు పుడతాయని తర్వాత తెలిసింది. ఆమెకి 2011లో షా బహుమతి దక్కింది. బియ్యంలో రాళ్లు ఏరినంత ఓపికగా లెక్కలు వేరుచేయడమే ఆమె చేసిన పని. ఆ ఓపిక మనకి కొత్తా?

1997 ఫిబ్రవరి 28న ఇటలీ, నెదర్లాండ్సు దేశాల ఉపగ్రహం బెప్పోశాక్స్ ఓ మెరుపు చోటుని మొదటిసారి గట్టిగా పట్టింది. మెరుపు ఆరిపోయాక అక్కడ మిగిలిన కాక, అంటే పొయ్యి ఆర్పాక నివురు కింద మిగిలే నిప్పులాంటిది, భూమి మీది టెలిస్కోపులకి కూడా కనిపించింది. ఇవి మన పాలపుంతలోవి కావని, వందల కోట్ల ఏళ్ల కిందట బయల్దేరిన వెలుగులని ఆ ఏడాదే రుజువైంది.

ఇక బంగారం మాట చెబితే అందరూ వింటారు! 2017 ఆగస్టు 17న, 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న కుదుపు భూమి మీది పరికరాలకి అందింది. 1.7 సెకన్ల తర్వాత గామా మెరుపు తగిలింది. ఆ చోటుని వెతికి చూస్తే, అక్కడ బంగారం, ప్లాటినం లాంటి బరువైన లోహాలు తయారవుతున్న జాడలు కనిపించాయి. అంటే మన మెడలో పుస్తెల బంగారంలో కొంతైనా ఇలాంటి నక్షత్రాల మరణంలో పుట్టిందే. తులం ధర తెలిసిన మనకి ఆ పుట్టిల్లు కూడా తెలిస్తే తప్పేముంది?

ఆ రోజున మన ఆస్ట్రోశాట్‌కి ఆ మెరుపు కనపడలేదు. దానికీ మెరుపుకీ మధ్య భూమి అడ్డం ఉంది. కానీ ఆ కనపడకపోవడమే పనికొచ్చింది. "భూమి చాటున ఉన్న వైపు నుంచే వచ్చి ఉండాలి" అని వెతికే చోటు చిన్నదైంది. లేదన్న జవాబు కూడా జవాబేనని ఇంతకన్నా బాగా ఎవరు చెబుతారు?

ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోట నుంచే వెళ్లింది. అయిదేళ్లు పనిచేస్తే చాలనుకున్నది 2025లో పదేళ్లు పూర్తిచేసుకుంది. అందులోని సీజడ్‌టీఐ అనే పరికరం 2023 నవంబరులో 600వ గామా మెరుపుని నమోదు చేసింది. దీనికి ముందు కథ తెలిస్తే మనసు ఇంకా కదులుతుంది. గామా మెరుపుల పరికరాన్ని మనవాళ్లు 1987లో స్రాస్-1లో పెట్టి పంపారు. రాకెట్టు విఫలమైంది. 1988లో మళ్లీ పంపారు, మళ్లీ అదే గతి. 1992లో మూడోది కక్ష్య చేరింది గానీ అనుకున్నంత ఎత్తుకి పోలేక రెండు నెలలైనా నిలవలేదు. 1994 మే 4న వెళ్లిన స్రాస్-సీ2 మాత్రం నిలబడి, 2001 దాకా తిరిగింది. మూడుసార్లు ఎదురుదెబ్బ తిన్నవాళ్లకి నాలుగోసారి అవకాశం ఇచ్చింది దేశం. మంచిదే. మరి ఇంటర్లో ఒక్క లెక్కల పేపరు పోతే ఆడపిల్లకి రెండోసారి రాసే అవకాశం ఎన్ని ఇళ్లలో ఇస్తున్నాం? అక్కడితో పెళ్లి చూపులు మొదలెడుతున్నాం కదా!

ఇక్కడ ఓ మాట వస్తుందని నాకు తెలుసు. ఏజెన్సీలో ఇప్పటికీ నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చే ఊళ్లున్నాయి. రోడ్డు లేని ఊరికి గామా కిరణాలెందుకు అని. న్యాయమైన ప్రశ్నే. రోడ్డు ముందు కావాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఆస్ట్రోశాట్‌కి అయిన ఖర్చు సుమారు 178 కోట్ల రూపాయలు. దేశంలో తలకి రూపాయిన్నర కూడా పడదు. డోలీ మోతలు ఆగకపోవడానికి కారణం ఆకాశం చూసే ఆ రూపాయిన్నర కాదు, కొండ మీది మనిషిని లెక్కలో వేసుకోకపోవడం. పైగా "ముందు రోడ్డు, తర్వాతే చదువు, ఆ తర్వాతే సైన్సు" అని వరస పెడితే ఆ వరసలో చివర నిలబడేది ఎప్పుడూ ఆడపిల్లే. ఆమె వయసు మాత్రం ఆగదు.

కొండ మీంచి కిందికి ఎన్ని దిగుతున్నాయో చూడండి. కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్మా, మాచ్‌ఖండ్ కరెంటు. బైలదిల్లా ఇనుప ఖనిజం అరకు మీదుగానే విశాఖ రేవుకి దిగుతుంది. పైకి ఎక్కుతున్నదేమిటి? టూరిస్టు బస్సులు, ప్లాస్టిక్ సంచులు, వ్యూపాయింట్ల దగ్గర ఫ్లడ్‌లైట్లు. మనం ఊళ్లలో పోగొట్టుకున్న చుక్కల ఆకాశం అక్కడ ఇంకా మిగిలి ఉంది. దాన్నీ లైట్లతో చెరిపేస్తే ఇక చూపించడానికి ఏం మిగులుతుంది? గామా మెరుపుకి చీకటితో పనిలేదు, నిజమే. కానీ ఆ మెరుపుల మీద ఆసక్తి పుట్టేది మాత్రం చుక్కల కిందే.

అందుకని అడిగేవి పెద్ద కోర్కెలు కావు. కొండ ప్రాంతపు ప్రతి బాలికల వసతి పాఠశాలకీ ఓ చిన్న టెలిస్కోపు, దాన్ని వాడడం నేర్పే ఓ టీచరు. రిసార్టుల లైట్లకి పై వెలుగు పోకుండా డొప్పలు. శ్రీహరికోటలో రాకెట్టు ప్రయోగం చూసేందుకు 2019లో జనానికి గ్యాలరీ తెరిచారు. ఏడాదికోసారైనా ఈ పిల్లల్ని బస్సెక్కించి అక్కడికి తీసుకెళ్లాలి. తెలుగులో, వాళ్లింట్లో మాట్లాడే ఆదివాసీ ఒడియా, కువి భాషల్లో బొమ్మలతో పుస్తకాలు రావాలి. ఆస్ట్రోశాట్ పంపిన సమాచారం కొంతకాలం తర్వాత అందరికీ తెరిచిపెడతారు. కంప్యూటరు, నెట్టు ఉంటే అరకులో కూచుని కూడా చూడొచ్చు.

పిల్లల వల్ల అయ్యే పనా అంటారా? ఐర్లండులో ఓ యూనివర్సిటీ విద్యార్థులు కట్టిన బుల్లి ఉపగ్రహం ఐర్‌శాట్-1, 2023 డిసెంబరు 1న కక్ష్యలోకి వెళ్లి గామా మెరుపుల్ని పట్టింది. మన దేశంలో 75 ప్రభుత్వ పాఠశాలల నుంచి 750 మంది ఆడపిల్లలు కలిసి ఆజాదీశాట్‌కి పరికరాలు తయారుచేశారు. 2022 ఆగస్టులో రాకెట్టు దాన్ని సరైన కక్ష్యలో పెట్టలేకపోయింది. 2023 ఫిబ్రవరి 10న రెండోది విజయవంతంగా చేరింది. చూశారా, అక్కడా రెండో అవకాశమే!

ప్రభుత్వం చేసేవి ప్రభుత్వం చేయాలి. మన చేతిలో ఉన్నదీ ఒకటుంది. పట్నంలో ఉన్నా, ఏజెన్సీలో ఉన్నా, కూతురు లెక్కల పుస్తకం తీసుకుని కూచున్నప్పుడు "ఎందుకే నీకు" అనకుండా ఉండడం. "నాకు తెలీదు గానీ, నువ్వు తెలుసుకుని నాకు చెప్పు" అనడం. ఆ మాటకి ఖర్చు లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. వచ్చే జూన్‌లో ఇంటర్ అప్లికేషన్ ఫారం మీ ఇంటికొచ్చినప్పుడు, ఏ గ్రూపో రాసే పెన్ను అమ్మాయి చేతికే ఇవ్వండి.