ఓసిలేటర్‌కి ఎగువ కనపడదు

ఇదివరకు సినిమా కబుర్లు చెప్పుకునే చోట ఇప్పుడు మా వైపు కుర్రాళ్ళు ఆర్‌ఎస్‌ఐ గురించి చెప్పుకుంటున్నారు. ఖమ్మం, పాల్వంచ, సారపాక... ఎక్కడ చూసినా ఫోన్లో అదే బొమ్మ. పైన కేండిల్స్, కింద మూడు వంకర గీతలు: ఆర్‌ఎస్‌ఐ, స్టొకాస్టిక్, ఎంఏసీడీ. మూడూ కొనమంటే కొనడం, మూడూ అమ్మమంటే అమ్మడం. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'సిస్టమ్'. ఇంజనీరింగ్ చదివినవాళ్ళు కూడా ఈ మాటే అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఓసిలేటర్ కొలవడానికి పనికొస్తుంది గానీ, దాని ఒక్కదాని మాట విని డబ్బులు పెట్టడానికి పనికిరాదు.

ఆర్‌ఎస్‌ఐని 1978లో వెల్లెస్ వైల్డర్ అనే ఆయన తన పుస్తకంలో పరిచయం చేశాడు. ఆయనా మెకానికల్ ఇంజనీరే. లెక్క తేలిక. గత 14 రోజుల్లో షేరు పెరిగిన రోజుల్లో మొత్తం 18 రూపాయలు పెరిగింది, తగ్గిన రోజుల్లో మొత్తం 6 రూపాయలు తగ్గింది అనుకోండి. నిష్పత్తి 3. దానికి ఒకటి కలిపితే 4. వందని 4తో భాగించి, వచ్చినదాన్ని వందలోంచి తీసేస్తే 75. అంతే! ఆ తర్వాత రోజుల్లో పాత సగటునే కొద్దికొద్దిగా సవరిస్తూ పోతారు. 70 దాటితే 'ఓవర్‌బాట్', 30 కంటే తగ్గితే 'ఓవర్‌సోల్డ్'.

ఇందులో ఒక తిరకాసు ఉంది. ఒక షేరు 14 రోజులూ రోజుకి పది పైసల చొప్పున పెరిగిందనుకోండి, ఆర్‌ఎస్‌ఐ 100. రోజుకి పది రూపాయల చొప్పున పెరిగినా 100. ఎంత పెరిగింది, ఎందుకు పెరిగింది అన్నవి ఈ లెక్కలోకే రావు. తగ్గిన రోజులు లేవు అని మాత్రం చెప్తుంది. దాన్ని మనవాళ్ళు "ఇక తగ్గుద్ది" అని చదువుకుంటున్నారు.

భద్రాచలం వాళ్ళకి ఇలాంటి అంకెలు కొత్తేం కాదు. గోదావరి 43 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. చిన్నపిల్లాణ్ణి నిద్రలేపి అడిగినా చెప్తాడు. 53 అయిందని తెలిశాక "అబ్బే, ఇప్పటికే చాలా పెరిగింది, ఇక తగ్గుద్దిలే" అని ఇంట్లో పడుకున్నవాణ్ణి నేనైతే చూళ్ళేదు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో మూడో హెచ్చరిక దాటాక కూడా ఇంకో 18 అడుగుల పైనే ఎక్కి, 71.3 దగ్గర ఆగింది.

ఎప్పుడు తగ్గుతుందన్నది భద్రాచలం దగ్గరి కొలబద్దని ఎంతసేపు చూసినా తెలియదు. ఎగువన పేరూరు దగ్గర ఎంత ఉంది, ప్రాణహిత, ఇంద్రావతి నుంచి ఎంత వస్తోంది, దిగువన శబరి పోటెత్తి ఈ నీళ్ళని వెనక్కి తంతోందా... ఇవన్నీ చూసి లెక్క కడతారు. ఓసిలేటర్ చేసే పనల్లా ఇక్కడి కొలబద్ద పాత రీడింగులనే తీసుకుని వాటిని సున్నాకీ వందకీ మధ్య కుదించడం. ఎగువ దానికి కనపడదు. పైగా 43 అడుగులు అంటే ఏ ఏడాదైనా 43 అడుగులే. ఆర్‌ఎస్‌ఐ 70 అంటే మాత్రం ఈ షేరుకి ఒకటి, ఆ షేరుకి ఒకటి. అదే షేరుకి వచ్చే నెల ఇంకొకటి.

ఉదాహరణకి దూరం పోనక్కర్లేదు. గోదావరి అవతల సారపాకలో ఐటీసీ పేపర్ మిల్లు ఉంది కదా. ఒకప్పుడు అది భద్రాచలం పేపర్‌బోర్డ్స్ అని వేరే కంపెనీ, 2002లో ఐటీసీలో కలిసిపోయింది. సుబాబుల్, జామాయిల్ వేసిన మా రైతులందరికీ తెలిసిన పేరు. ఈ ఐటీసీ షేరు 2021లో సుమారు 210 దగ్గర మొదలై, మధ్యలో 260 దాకా వెళ్ళి, చివరికి 218 దగ్గర తేలింది. ఏడాదంతా ఊగడమే. ఇలాంటి ఏడాది ఓసిలేటర్‌కి పండగ. కింద కొను, పైన అమ్ము. సరే, 2022 వచ్చింది. అదే 218 నుంచి ఏడాది చివరికి 330 దాటింది. 2023 జులైలో 490 కూడా దాటింది. (ఇవి 2025లో హోటళ్ళ వ్యాపారం విడదీయక ముందటి ధరలు, ఇప్పటి చార్టులో సవరించి వేరేగా కనపడొచ్చు.) 2021లో నేర్చుకున్న సూత్రంతో 2022లో 70 దాటినప్పుడల్లా షార్ట్ కొట్టినవాడి సంగతి మీరే ఊహించుకోండి. సూత్రం మారలేదు, లెక్కలో తప్పు లేదు. షేరు ఊగడం మానేసి నడవడం మొదలెట్టింది, అంతే.

కిందకి కూడా ఇదే కథ. ఖమ్మం మార్కెట్ యార్డులో 2017 ఏప్రిల్ గుర్తుందా? అంతకుముందు ఏడాది క్వింటా పది వేలు దాటిన మిర్చి మూడు వేల దగ్గరకి పడిపోయింది. "ఇంత పడింది, ఇక లేస్తుంది" అనడానికి గీత చాలు. ఊరూరా ఎన్ని ఎకరాల్లో మిర్చి వేశారో గీతకి తెలియదు.

ఇక "మూడు ఇండికేటర్లూ ఒకే మాట చెప్పాయి" అనే వాదన. ఎంఏసీడీ అంటే 12 రోజుల సగటులోంచి 26 రోజుల సగటు తీసేయడం. స్టొకాస్టిక్ అంటే ఈ మధ్య ధరల పై హద్దుకీ కింది హద్దుకీ మధ్య నేటి ధర ఎక్కడుందో చూడడం. అన్నీ ఆ ధరలోంచి పుట్టినవే. ఒకే మనిషిని మూడుసార్లు అడిగి, ముగ్గురు సాక్షులు దొరికారంటే ఎలా?

ఊరికే చాదస్తంగా చెప్పట్లేదు. 2024 సెప్టెంబర్‌లో సెబీ ఒక అధ్యయనం బయటపెట్టింది. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్ళలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన కోటి మందికి పైగా మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారు. సగటున మనిషికి సుమారు రెండు లక్షలు. వీళ్ళందరూ ఓసిలేటర్లు చూసే పోగొట్టుకున్నారని నేననను. కానీ ఆ రెండు లక్షలు మా వైపు ఎవరి ఇంట్లోంచి వస్తున్నాయో తెలుసు కాబట్టి ఇంత చెప్తున్నా. పత్తి డబ్బులు, మిర్చి డబ్బులు, కొన్ని ఇళ్ళల్లో చెల్లెలి పెళ్ళికని దాచినవి.

పూర్తిగా వదిలేయమనడం లేదు. వైల్డర్ అదే పుస్తకంలో ఏడీఎక్స్ అని ఇంకోటి ఇచ్చాడు, ట్రెండ్ ఎంత బలంగా ఉందో కొలవడానికి. మనవాళ్ళు దాన్ని ఎందుకో పట్టించుకోరు. ఏడీఎక్స్ 20 కంటే కింద ఉన్నప్పుడే ఆర్‌ఎస్‌ఐ మాట వినడం నయం. అయితే అదీ ధరలోంచి వచ్చిందే, ఆలస్యంగా చెప్తుంది. అందుకని ఒక ట్రేడులో ఎంత పోతే బయటికి రావాలో కొనకముందే రాసి పెట్టుకోవాలి. ఆ అంకె ఆర్‌ఎస్‌ఐని అడిగి పెట్టేది కాదు, మీ జేబుని అడిగి పెట్టేది.

కోడ్ రాసేవాళ్ళకి ఒక ముక్క. 14 బాగోలేదని 11, 70 బాగోలేదని 73 పెట్టి, పాత డేటా మీద లాభం గ్రాఫు నిటారుగా లేచేదాకా తిప్పుతుంటారు. ఆ 11 తీసేసి 10, 12 పెట్టి కూడా నడపండి. పక్క అంకెకే లాభం ఎగిరిపోతే దాన్ని ఖాతాకి కలపొద్దు. నిలబడితే, ఇంతవరకు ముట్టుకోని ఏడాది డేటా మీద నడపండి, బ్రోకరేజీ, పన్నులు కూడా వేసి. ఐటీసీ మీద అయితే 2021 ఒక్కటే కాదు, 2022 కూడా పెట్టండి.