299 మంది మాట ఎవరు వినాలి?

చట్టంలో ఒక్క అంకె మారితే ఏమవుతుంది? వందల ఇళ్లల్లో పొయ్యి వెలుగుతుందో లేదో ఆ అంకే తేలుస్తుంది.

పారిశ్రామిక వివాదాల చట్టం 1947లో వచ్చింది. కార్మికుల్ని తొలగించాలన్నా, ఫ్యాక్టరీ మూసేయాలన్నా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధనను 1976లో చేర్చారు. అప్పుడది 300 మందీ అంతకు పైనా పనిచేసే చోట్లకే. అది చాలదని 1982 సవరణలో 100కు దించారు. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ మళ్లీ 300 చేసింది. 2025 నవంబరు 21 నుంచి ఆ కోడ్ అమల్లోకి వచ్చింది.

అంటే, 299 మంది ఉన్న ఫ్యాక్టరీ యజమాని ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. నోటీసు, పరిహారం ఇస్తే సరి. తొలగించినవారికి పరిహారం ఎంతంటారా? ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం. పదేళ్లు చాకిరీ చేస్తే ఐదు నెలల జీతమన్నమాట!

ఇంకో మెలిక ఉంది. ఆ 300ను ప్రభుత్వం ఒక్క నోటిఫికేషన్‌తో ఇంకా పెంచుకోవచ్చు.

కొత్త కోడ్‌లలో మంచి లేదని కాదు. అందరికీ నియామక పత్రం, నిర్ణీత కాలపు ఉద్యోగులకు ఏడాదికే గ్రాట్యుటీ మెచ్చుకోదగ్గవే. కానీ ఉద్యోగమే ఊడితే పత్రం ఏం చేసుకుంటారు?

అనుమతి నిబంధన యజమాని చేతులు కట్టేయడానికి కాదు. తీసేసే ముందు కారణం చెప్పించడానికి, కార్మికుడి వాదన కూడా వినడానికి. ఆపాటి న్యాయం 299 మందికి ఎందుకు వద్దో మన ఎంపీలను అడగాల్సింది మనమే.