గోంగూర నిలిచింది, అక్షరం నిలుస్తుందా?

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయి, ఎడమగట్టు కాలువకు నీరు పారిన పిమ్మట కోస్తా రైతు కుటుంబాలు రాయచూరు జిల్లాకు తరలివచ్చాయి. సింధనూరు, మాన్వి ప్రాంతాలలో వారు నెలకొల్పుకొన్న ఊళ్లను నేటికీ ‘క్యాంపు’లనే అంటున్నాము. వరితోపాటు ఆవకాయ, గోంగూర పచ్చడి కూడా వచ్చి నిలిచాయి. వంటింట తెలుగుదనం చెక్కుచెదరలేదు గనుక భాషకు భయం లేదని కొందరి ధీమా.

ఆ ధీమాకు ఆధారం లేదు. మా కల్లూరు వైపు కన్నడ సోదరులు జొన్నరొట్టెతో తినే పుండిపల్య కూడా గోంగూరే. ఆకు ఒకటే, పేరు మాత్రమే భాషది. రుచి దానంతటదే అలవడుతుంది, అక్షరం నేర్పితేనే వస్తుంది.

దూరదేశం వలస వెళ్లిన థాయ్ ప్రజలు ఈ సంగతి గ్రహించారు. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరపాలక మండలి 1999లో ఒక పేటకు ‘థాయ్ టౌన్’ అని అధికారికంగా పేరు పెట్టింది. థాయ్ భోజనశాలలే ఆ పేటకు ప్రసిద్ధి. అయినా వారు వంటతో తృప్తిపడలేదు. అదే నగరంలోని తమ బౌద్ధాలయం వాట్ థాయ్‌లో ఒకవైపు తినుబండారాలు అమ్ముతూ, మరోవైపు పిల్లలకు థాయ్ భాష నేర్పుతున్నారు.

మనకు రాజ్యాంగమే అండగా ఉన్నది. రాయచూరు మైసూరు రాష్ట్రంలో చేరిన 1956లోనే 350-ఎ అధికరణం వచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన సదుపాయాలు కల్పించేందుకు రాష్ట్రమూ, స్థానిక సంస్థలూ ప్రయత్నించాలని అది చెబుతున్నది. అడిగేవారు లేకుంటే అది కాగితం మీదనే ఉండిపోతుంది.

కన్నడం రాష్ట్ర అధికార భాష. దానిని శ్రద్ధగా నేర్వవలసిందే. దానితోపాటు తెలుగు పాఠమూ కావాలని తల్లిదండ్రులందరూ సంతకాలు చేసి క్షేత్ర శిక్షణాధికారికి వినతిపత్రం ఇవ్వండి; అందినట్లు రసీదు తీసుకోండి. అంతవరకు ఇంటనే ఓనమాలు దిద్దించండి.