తిరిగేదా... తిరగనిదా?

మీట నొక్కి, వంటింట్లోకి వెళ్లి, టీ కాచుకుని గ్లాసుతో తిరిగొచ్చినా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయా? అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు తెరుచుకోదు. నాన్నగారి పింఛను కాగితం ప్రింటుకు రాదు. ఇక లాభం లేదనుకుని శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలోనో, విజయనగరం గంటస్తంభం దగ్గరో ఉన్న రిపేరు షాపుకు తీసుకెళ్తే ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే... 'పెద్ద హార్డ్‌డిస్క్ వేయమంటారా, ఎస్ఎస్‌డీ వేయమంటారా?'

ప్రశ్న చిన్నదే. కానీ ఆ డబ్బాలో ఉన్నవి మాత్రం చిన్నవి కావు. పాప అన్నప్రాశన ఫొటోలు, తాతగారి చివరి వీడియో, ఇంటి దస్తావేజుల స్కానింగులు... పోతే మళ్లీ రావు. అందుకే జవాబు చెప్పే ముందు రెండింటి సంగతీ తెలుసుకోవాలి.

లోపల ఏముంది?

హార్డ్‌డిస్క్ అంటే ఒకరకంగా గ్రామఫోనే. లోపల నున్నటి పళ్లెం నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంది. దాని మీద వెంట్రుక కన్నా తక్కువ ఎత్తులో ఒక ముల్లు అటూ ఇటూ కదులుతూ సమాచారం చదువుతుంది. 1956లో ఐబీఎం తొలి హార్డ్‌డిస్క్‌ను తెచ్చినప్పుడు అందులో రెండడుగుల వెడల్పున్న పళ్లేలు 50 ఉండేవి. అన్నీ కలిపినా పట్టింది 5 మెగాబైట్ల లోపే. ఇవాళ్టి ఫోనులో ఒకట్రెండు ఫొటోలంత!

ఎస్ఎస్‌డీలో తిరిగేదీ లేదు, కదిలేదీ లేదు. పెన్‌డ్రైవ్‌లో ఉండే ఫ్లాష్ మెమరీయే అందులోనూ ఉంటుంది. 1980ల్లో జపాన్‌లోని తోషిబాలో ఫుజియో మసువోకా రూపకల్పన చేసిన పరిజ్ఞానమిది. ముల్లు అక్కడికీ ఇక్కడికీ పరుగెత్తే పని లేదు కాబట్టి సమాచారం ఠక్కున అందుతుంది. హార్డ్‌డిస్క్ సెకనుకు దాదాపు వంద చోట్ల వెతికితే, ఎస్ఎస్‌డీ వేల చోట్ల వెతికేస్తుంది. కంప్యూటర్ ఆన్ కావడానికి పట్టే నిమిషాలు సెకన్లలోకి దిగేది అందుకే.

దేని లోపం దానిదే

'రాస్తూ పోతే ఎస్ఎస్‌డీ అరిగిపోతుందట కదా?' అన్నది చాలామంది భయం. నిజమే, దానికో పరిమితి ఉంది. 500 జీబీ రకానికి 300 టెరాబైట్లు రాసేదాకా వారంటీ ఇచ్చేవి ఉన్నాయి. ఇంట్లో రోజుకు 20 జీబీ రాసినా అది నిండడానికి 40 ఏళ్లు పడుతుంది. ఈలోగా కంప్యూటరే మూలకు చేరుతుంది!

అసలు భయపడాల్సింది వేరే ఉంది. హార్డ్‌డిస్క్ పాడయ్యే ముందు చాలాసార్లు టకటకమని మూలుగుతుంది. ఎస్ఎస్‌డీ మాట్లాడదు, ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. పొరపాటున చెరిపేసిన ఫైలు అందులోంచి తిరిగి దొరకడమూ కష్టమే. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో దాచిపెట్టడానికి కూడా అది తగదు. హార్డ్‌డిస్క్‌కేమో దెబ్బ పనికిరాదు. పలాస నుంచి విజయనగరానికి రోజూ రైల్లో లాప్‌టాప్ మోసే ఉద్యోగికి ఎస్ఎస్‌డీయే మేలు.

మరి ఏది వేయించాలి?

జవాబు తేలికే... పరుగుకు ఎస్ఎస్‌డీ, నిల్వకు హార్డ్‌డిస్క్. విండోస్, రోజువారీ పనులు మాత్రమే అయితే 256 జీబీ ఎస్ఎస్‌డీ సరిపోతుంది. పెళ్లి వీడియోలు దాచే స్టూడియోలకు టెరాబైట్లు కావాలి. ఒక్కో జీబీకి లెక్కేస్తే హార్డ్‌డిస్కే చవక. డెస్క్‌టాప్‌లో రెండూ పక్కపక్కనే ఇముడుతాయి. లాప్‌టాప్ అయితే పాత హార్డ్‌డిస్క్‌ను పారేయకుండా యూఎస్‌బీ కేసులో పెట్టించుకోవాలి.

అన్నట్టు, కంప్యూటర్ మరీ పాతదైతే ఒక్కసారి ఆలోచించండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కేమో చాలా పాత ప్రాసెసర్లు పనికిరావు. డబ్బు పెట్టే ముందు ఆ మాట షాపులో అడిగి తేల్చుకోవాలి.

ఒక్క కాపీ ఉంటే లేనట్టే

ఇంతకీ ఏది కొన్నా మరిచిపోకూడనిది ఒకటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ... ఉత్తరాంధ్రకు తుపాను కొత్త కాదు. ఇంట్లోకి నీళ్లొస్తే తిరిగేదీ మిగలదు, తిరగనిదీ మిగలదు. అందుకే రెండో కాపీ ఉండాలి, అదీ ఇంకో చోట ఉండాలి.

శ్రీకాకుళంలోనే దీనికో మంచి పాఠం ఉంది. 1997 ఫిబ్రవరి 22న కాళీపట్నం రామారావు మాస్టారు ప్రారంభించిన కథానిలయంలో పాత పత్రికలు, పుస్తకాలు అలమరల్లో భద్రంగా ఉన్నాయి. అక్కడితో ఆగకుండా కథలను స్కాన్ చేయించి ఇంటర్నెట్‌లోనూ పెట్టారు. కాగితం ఒకచోట, దాని ప్రతి మరోచోట!

ఇంటి ఫొటోలకూ అదే సూత్రం. ఒక కాపీ కంప్యూటర్లో, ఒకటి విడి హార్డ్‌డిస్క్‌లో, ముఖ్యమైనవి ఇంకో ఊళ్లో ఉన్న అక్కయ్య ఇంట్లోనో, క్లౌడ్‌లోనో. షాపుకు వెళ్లేది రేపైనా సరే, ఈ పని మాత్రం ఈ ఆదివారమే కానిచ్చేయండి.